విరుపుల మేస్త్రి చెవి

విరుపుల మేస్త్రి పోయాక ఆయన్ని మంచివాణ్ణి చెయ్యడానికి వీధంతా నడుం కట్టింది. బతికున్నన్నాళ్ళూ ఆయన వాయిద్యాల మరమ్మతు కొట్టు ముందు నుంచి పోవాల్సి వస్తే రోడ్డుకి అవతలి పక్కన నడిచినవాళ్ళే, ఇప్పుడు కుర్చీలు లాక్కుని కూర్చుని "మాట కటువు గానీ మనసు వెన్న" అంటున్నారు. అది పచ్చి అబద్ధమని ఆయన మేనకోడలికి తెలుసు. ఆయన మాటా కటువే, మనసూ దానికి తగ్గట్టే. వెన్న అన్న మాట ఆయన దాకా చేరి ఉంటే "కాస్త ఎండ తగిలితే కారిపోయే సరుకా నేను?" అని కింది పెదవి విరిచి ఉండేవాడు. ఆ విరుపుతోనే ఆయనకా పేరు వచ్చింది. అసలు పేరు కొట్టు మీది బోర్డులో వెలిసిపోయి చాలా కాలమైంది.

వచ్చినవాళ్ళలో కీబోర్డాయన మరీ ఘోరం. బట్టలు కుట్టే కార్ఖానాలో ఒక పాటల బృందం ఉంది, దానికి ఆయన పెద్ద. ఎవరూ పెద్దరికం ఇవ్వలేదు, కీబోర్డు తనది గనక తనే తీసుకున్నాడు. సంతాప సభ అన్నాక మైకు ఉండాలన్నాడు. మైకు వచ్చాక ఎవరో ఒకరు మాట్లాడాలన్నాడు. ఆ ఎవరో ఒకరు తనే అయ్యాడు. గొంతు సవరించుకుని, కళ్ళు సగం మూసి, "ఎన్నో చెవులు చూశాను గానీ మేస్త్రి గారి చెవి లాంటిది మళ్ళీ పుట్టదు. చీమ నడిచినా శ్రుతి చెప్పగల చెవి" అన్నాడు.

ముందు వరసలో అత్తయ్య భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. పక్కనున్న మేనకోడలు చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. వెనకవాళ్ళు "పాపం, ఎలా కుమిలిపోతున్నారో చూడండి" అని గుసగుసలాడుకున్నారు. వాళ్ళు ఏడవడం లేదు. ఏడుపు కొంత ముందే అయిపోయింది, బోలెడు ముందుంది. ఆ నిమిషాన మాత్రం ఇద్దరూ పొట్ట చెక్కలయ్యే నవ్వుని పళ్ళ బిగువున ఆపుకుంటున్నారు.

ఆ నవ్వేమిటో తెలియాలంటే, ఒక ఏడాది గిటారుకి పికప్ పెట్టిన గొడవ తెలియాలి.

కొట్టు అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. రెండు మంచాలు వేస్తే నడవడానికి దారి ఉండదు. గోడల నిండా మెడ విరిగిన గిటార్లు, పొట్ట పగిలిన వయొలిన్లు, తీగలూడిపోయి బోసినోళ్ళతో వేలాడుతుంటాయి. కిటికీ కింద బల్ల. దాని మీద ఉలులు, చిత్రిక, జిగురు కాచే గిన్నె. ఆ బల్ల చివర గ్లాసులో పెన్సిళ్ళ మధ్య జానెడు పొడవు నల్లచెక్క పుల్ల ఒకటి ఉండేది. ఒక కొస నున్నగా, రెండో కొస పంటిగాట్లతో నలిగిపోయి ఉండేది.

ఏ వాయిద్యం మరమ్మతుకి వచ్చినా ముందుగా దాన్ని బల్ల మీద పడుకోబెట్టేవాడు. పుల్ల ఒక కొస పళ్ళ మధ్య కరిచిపట్టి, రెండో కొస దాని పొట్ట మీద ఆనించి, వేలితో తీగ మీటి కళ్ళు మూసుకునేవాడు. "ఇక్కడ లోపల పట్టీ ఊడింది" అనేవాడు. ఊడే ఉండేది. చూసేవాళ్ళకి అదేదో గురుముఖతా నేర్చుకున్న విద్యలా కనిపించేది. ఇంటికెళ్ళి పెన్సిళ్ళు కొరికి చూసుకున్నవాళ్ళున్నారు. వాళ్ళలో కీబోర్డాయన ఒకడు.

పని ఎంత శుభ్రమో నోరంత పుల్లన. గిటారు తెచ్చినవాణ్ణి "ఇది నువ్వు కొన్నావా, నీకు అంటగట్టారా?" అని పలకరించేవాడు. ఎవడైనా ఉత్సాహం పట్టలేక ఒక పాట వాయించి చూపిస్తే, వాడు మొదలెట్టీ పెట్టకముందే అటు తిరిగి చెక్క చిత్రిక పట్టడం మొదలెట్టేవాడు. వాయింపు అయ్యాక "ఏమన్నా వాయించావా? చలికి చేతులు రుద్దుకుంటున్నావనుకున్నాను" అనేవాడు. ఎంత పేరున్నవాడు వచ్చి వాయించినా ఇదే వరస. అంత చెవి ఉన్న మనిషికి ఈ కోతలు ఎలా ఆనుతాయి అని జనం సర్దిచెప్పుకునేవారు. తిట్టించుకున్నవాళ్ళే ఆయన పేరు నలుగురికీ చెప్పేవారు. మనుషుల సంగతి అంతే, మెచ్చుకున్నవాణ్ణి మర్చిపోతారు, ఛీకొట్టినవాణ్ణి గురువంటారు.

అత్తయ్య సంగతి ఇంకోరకం. ఆవిడ కొట్లో స్టూలు వేసుకుని మొగుడికి ఎదురుగా కూర్చునేది. వచ్చినవాడు నోరు తెరవడం ఆలస్యం, ఆ మాటే పట్టుకుని మొగుడి మొహాన విసిరేది.

"మేస్త్రి గారూ, ఆరో తీగ గరగరమంటోందండీ" అని వాడనేవాడు.

"విన్నారా? ఆరో తీగ గరగరమంటోందట!" అని ఆవిడ చేతులు తిప్పుకుంటూ గట్టిగా అనేది, వాడేదో నేరం ఒప్పుకున్నట్టు.

"అనదా మరి? దాని మీద తడిబట్టలు ఆరేస్తే?"

"బట్టలు ఆరెయ్యలేదండీ, బీరువా మీద పెట్టాను."

"బీరువా మీద పెట్టాడట!"

"బీరువాలో బట్టలు, మీద గిటారు. ఆ బట్టలకున్న విలువ కూడా లేదన్నమాట."

ఆ ఇంట్లో ప్రతి మాటా రెండుసార్లు పుడుతుందని వీధిలో చెప్పుకునేవారు. ఆయన విరుపు, ఈవిడ దెప్పు, భలే కుదిరారనేవారు. మేనకోడలు కూడా అలాగే అనుకుంది. ఏళ్ళ తరబడి చూస్తున్నదే కదా, కళ్ళెదుట రోజూ ఉన్నదాన్ని ఎవరు తరిచి చూస్తారు?

ఆ పిల్ల కార్ఖానాలో కాలర్లు కుట్టే వరసలో పని చేసేది. తల్లి ఆమె చదువు అవకముందే పోయింది. మేస్త్రికి ఆవిడ ఒక్కగానొక్క చెల్లెలు. ఆ చెల్లెలి కోసం ఆయన ఒక గిటారు తన చేతులతో చేశాడు. జీవితం మొత్తంలో చేసింది అదొక్కటే. మరొకటి చెయ్యరేమని అడిగితే "కొనే మొహాలు మీవేగా, వాటిని చూశాక చెయ్యబుద్ధి కాలేదు" అనేవాడు. తల్లి పోయాక గిటారు కూతురి చేతికి వచ్చింది. పచ్చటి పై పలక, ఎక్కడా గీత లేదు, మేకు లేదు. పట్టుకుంటే మనిషి ఒళ్ళులా వెచ్చబడేది.

కార్ఖానా బృందంలో ఆమెకి చోటైతే దొరికింది గానీ వినబడే చోటు దొరకలేదు. కీబోర్డుకి స్పీకరు దాకా తీగ ఉంది, డ్రమ్ముకి తీగ ఉంది, పాడేవాళ్ళకి మైకులున్నాయి. మధ్యలో ఈ పిల్ల వేళ్ళు కదలడం కనిపించేది తప్ప చప్పుడు వచ్చేది కాదు. వార్షికోత్సవం దగ్గర పడుతుండగా కీబోర్డాయన తీర్పు చెప్పేశాడు.

"చూడమ్మా, ఆ చెక్కపెట్టె వినబడ్డం లేదు. పక్కన కంత కొట్టించి, చప్పుడు స్పీకరుకి పంపే పికప్ లోపల పెట్టించు. ఆదివారం హాల్లో రిహార్సలు. అప్పటికీ ఇంతేనంటే నువ్వు చప్పట్లు కొట్టేవాళ్ళ వరసలో నుంచో."

ఆమె కొట్టుకి వెళ్ళి ఆ మాటే చెప్పింది. చెప్పేటప్పుడు మామయ్య వైపు చూడలేక గిటారు వైపు చూస్తూ చెప్పింది.

"విన్నారా? కంత కొట్టించాలట!" అంది అత్తయ్య.

మేస్త్రి చేతిలో ఉలి ఆగింది. "ఎవడికి?"

"గిటారుకి మామయ్యా. పికప్ పెట్టడానికి. లేకపోతే వినబడదంటున్నారు."

"లేకపోతే వినబడదట!"

"వినబడకపోతే దగ్గరికి జరగమను. కుర్చీకి కాళ్ళున్నాయిగా."

"నన్ను తీసేస్తారు మామయ్యా."

అత్తయ్య ఈసారి గట్టిగా అనలేదు. మొగుడి మొహంలోకి చూసి, పెదవులు విప్పి, నెమ్మదిగా, "పిల్లని తీసేస్తారట" అంది.

ఆయన ఉలి కింద పెట్టాడు. గిటారు అందుకుని, దాని నడుం చుట్టూ బొటనవేలు పోనిచ్చాడు. "మీ అమ్మ దీన్ని నేల మీద కూడా పెట్టేది కాదు. ఇప్పుడు కీబోర్డు బొత్తాలు నొక్కుకునేవాడొచ్చి దీనికి కంత కొట్టమంటాడు. వాడి చెవికి కొట్టించుకోమను, అప్పుడు వినబడుద్ది." కాసేపు గొణిగి, చివరికి, "చేస్తాను. కానీ తీసేస్తే ఊడొచ్చేది చేస్తాను. పెట్టామన్న ఆనవాలు కూడా మిగలకూడదు. రేపో ఎల్లుండో నీకు బుద్ధి వస్తుంది చూడు, అప్పుడు పీకి పారెయ్యడానికి వీలుగా" అన్నాడు.

పాడైపోయిన కాలింగ్ బెల్లు ఒకటి విప్పి, అందులోంచి పల్చటి ఇత్తడి బిళ్ళ తీశాడు. చెక్క ఊగితే ఆ బిళ్ళ కూడా ఊగుతుంది, ఆ ఊపు తీగలోకి పోతుంది, స్పీకర్లో శబ్దం అవుతుంది. సంగతి అంతే. "గుమ్మంలో అరవడానికి పుట్టినదాన్ని పాటకి పెడుతున్నాం. మీ బృందానికి సరిగ్గా సరిపోద్ది" అని దీవించి, బిళ్ళకి తీగ టంకం పెట్టాడు. మొదట పెట్టిన తీగ దోమల గుంపులా రొద చేస్తోందని అత్తయ్య చెప్పింది. దాన్ని పీకేసి, పాత మైకు నుంచి సన్నటి లోహపు వల చుట్టిన తీగ కోసి వేశాడు. కొవ్వొత్తి మైనంతో బిళ్ళని అంటిస్తే పొడిపొడిగా రాలిపోయింది. కిటికీ అద్దాలకి పెట్టే పుట్టీ అంటిస్తే పలక మీద నూనె మరక పడేలా ఉందని వెంటనే తుడిచేసి, దాన్ని కనిపెట్టినవాడి వంశాన్ని తిట్టాడు. చివరికి తేనెమైనంలో నూనె చుక్క వేసి పిసికితే మాట విన్నది. తీగ గుచ్చే సాకెట్‌కి ఆధారంగా చెక్కతో బట్టల క్లిప్పు లాంటిదొకటి చెక్కాడు. గిటారు గుండ్రటి నోటి అంచుని అది పట్టుకుంటుంది. దాని దవడలకి పాత చెప్పులోంచి మెత్తటి తోలు కోసి అతికించాడు. చెయ్యడం ఇష్టం లేని పనిని ఇంత శ్రద్ధగా చేసే మనిషిని మేనకోడలు మళ్ళీ చూడలేదు.

ఇక బిళ్ళ ఎక్కడ అంటించాలన్నది మిగిలింది. గిటారుని బల్ల మీద పడుకోబెట్టాడు. పుల్ల కరిచిపట్టి ఆమెని ఒక్కో తీగ మీటమన్నాడు. ఆ కొసని పొట్టంతా తిప్పుతూ, ఒకచోట కనుబొమలు పైకెత్తి ఆగాడు. పొట్ట బాగా వెడల్పైన చోట, నట్టనడుమ.

"అందరూ బ్రిడ్జి దగ్గర పెడతారు కదా మామయ్యా?" అందామె, తీగలు కట్టిన చెక్క వైపు చూపిస్తూ.

"బ్రిడ్జి దగ్గర పెడతారట అందరూ!"

"అందరూ పెట్టే చోట పెట్టడానికి నేనెందుకు, అందరూ ఉన్నారుగా. ఇక్కడ ఎక్కువ పలుకుతోంది."

బల్ల మీది పాత రేడియోకి కలిపి చూశారు. అందులోంచి పీలగా వచ్చింది. ఆయన పుల్ల కొస రేడియో మీద ఆనించి విన్నాడు. "గిన్నెలో పడ్డ ఈగలా ఉంది. హాల్లో పెద్ద ఈగలా ఉంటుంది" అన్నాడు. ఆమె సంబరపడిపోయి గిటారు ఒళ్ళోకి తీసుకుని తల్లి పాడుకునే పాట ఒకటి మొదలెట్టింది. ఆయన పుల్ల గ్లాసులో పడేసి అటు తిరిగి చిత్రిక అందుకున్నాడు.

పాట అయ్యాక, "ఎలా వాయించాను మామయ్యా?" అంది.

"ఎలా వాయించిందని అడుగుతోంది!"

"వాయించిందా?" అన్నాడు.

ఆమెకి ఏడుపొచ్చింది. పికప్ వచ్చినందుకు సంతోషపడాలో, ఆయన చెవిన పడే యోగ్యత తనకి లేనందుకు కుళ్ళాలో తెలియక ఇంటికి పోయింది.

ఆదివారం పొద్దున్న అత్తయ్య స్నానాలగదిలో జారింది. మడమ బంతిలా వాచింది. హాలుకి రాలేనంటూనే మేనకోడల్ని గది మూలకి పిలిచి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీకొక్కటే చెప్తున్నాను. మీ మామయ్యకి ఎదురుగా నుంచో, పక్కన కాదు. ఎవరేమన్నా నువ్వు మళ్ళీ అను. విసుక్కుంటున్నట్టు అను, దెప్పుతున్నట్టు అను, నీ ఇష్టం. మొహం చూసి మాత్రం అను."

"ఎందుకత్తయ్యా?"

"ఎందుకైతే నీకెందుకు? ఆయనకి అలవాటు."

పెద్దవాళ్ళ చాదస్తాలకి అంతు ఉండదనుకుని ఆమె తలూపింది.

హాల్లో సిమెంటు వేదిక. రెండు వైపులా మనిషి ఎత్తు స్పీకరు పెట్టెలు. ఓ మూల మైకు సెట్టు అతను బొత్తాల ముందు కూర్చున్నాడు. కీబోర్డాయన ముఖమల్ గుడ్డతో కీబోర్డు తుడుస్తున్నాడు, అది తప్ప ఈ లోకంలో శుభ్రంగా ఉండాల్సింది లేనట్టు. పాడే అమ్మాయిలిద్దరూ మేస్త్రిని చూసి గప్‌చిప్ అయ్యారు. ఆయన ఎవరినీ పలకరించలేదు. గిటారుని వేదిక మధ్య కుర్చీలో ఆనించి, బిళ్ళ అంటించి, క్లిప్పు పెట్టి, తీగ గుచ్చాడు.

"ఎంత పెంచమంటారు సార్?" అన్నాడు మైకు సెట్టు అతను.

ఆమె అత్తయ్య మాట గుర్తొచ్చి మామయ్యకి ఎదురుగా వచ్చింది. "ఎంత పెంచాలని అడుగుతున్నాడు!"

"ఉన్నదంతా పెంచమను. దాచుకుని ఏం చేసుకుంటాడు?"

అని, గిటారుకి వీపు తిప్పి, గోళ్ళలో ఇరుక్కున్న మైనం గుడ్డతో తుడుచుకోసాగాడు. అతను బొత్తం తిప్పాడు.

మొదట ఎక్కడో లారీ బయల్దేరినట్టు వినబడింది. తర్వాత అది హాల్లోకి వచ్చింది. కుర్చీలో ఎవరూ ముట్టుకోని గిటారు తనంతట తనే బొంగురుగా ఊఁ అని మొదలెట్టి, స్పీకర్లు దాని అరుపుని దానికే తిప్పికొడితే ఇంకా రెచ్చిపోయి, కడుపులో పేగులు కదిలేలా అరిచింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. అమ్మాయిలు చెవులు మూసుకున్నారు. కీబోర్డాయన చెవులు మూసుకున్నాడు. మైకు సెట్టు అతను ఒక చెవి మూసుకుని ఏ బొత్తం తిప్పాలో తెలియక తడుముకుంటున్నాడు.

మేస్త్రి తీరిగ్గా గోళ్ళు తుడుచుకోవడం ముగించి ఇటు తిరిగాడు. అందరి చేతులూ చెవుల మీద ఉండటం చూశాడు. ఆయన పెదవి మీద ఒక తృప్తి మెరిసింది.

"అప్పుడే చెవులు పట్టుకుంటారేం? ముందు వినండి. తప్పు ఒప్పుకోడం తర్వాత" అన్నాడు, మామూలు గొంతుతో. ఆ హోరులో పక్కనున్న మేనకోడలికి తప్ప ఎవరికీ అందలేదు. తర్వాత ఆమె వైపు తిరిగి, "ఏమే, నిలబడి చూస్తావేం? వాయించు" అన్నాడు.

అత్తయ్య స్టూలు, రెండుసార్లు పుట్టే మాటలు, పంటిగాట్ల పుల్ల, పాట మొదలవగానే తిరిగిపోయే వీపు. ఇన్నేళ్ళుగా కళ్ళ ముందు విడివిడిగా పడి ఉన్నవన్నీ ఒక్క క్షణంలో ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఆమె ఒక్క అంగలో కుర్చీ దగ్గరికి దూకి బిళ్ళ పీకేసింది. హాలు చచ్చినట్టు నిశ్శబ్దమైంది.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు కీబోర్డాయన చెవులు రుద్దుకుంటూ. "అంత మోత మోగుతుంటే గోళ్ళు తుడుచుకుంటాడేమిటి? మీ మామయ్యకేమన్నా చెముడా?"

అమ్మాయిల్లో ఒకతె కిసుక్కుమంది. ఊళ్ళో ఉన్న వాయిద్యాలన్నీ ఆ చెవిని నమ్మి ఆ బల్ల మీద పడుకునేవి. ఇప్పుడీ మాట గుమ్మం దాటితే రేపటి నుంచి ఆ కొట్టుకి ఎవరూ రారు. వచ్చినా జాలిపడటానికి వస్తారు. మామయ్యకి ఆకలైనా ఓర్చుకోగలడు గానీ జాలి భరించలేడు.

ఆమె మైకు సెట్టు అతని మీద విరుచుకుపడింది. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. అచ్చు అత్తయ్య గొంతు.

"ఎవడు పెంచమన్నాడు నిన్నంత? ఆయనేదో విసుగుతో అంటే నీకు బుద్ధి ఉండక్కర్లా?" తర్వాత గిరుక్కున మామయ్య ఎదురుగా తిరిగి, మొహంలో మొహం పెట్టి, చేతులు తిప్పుతూ, "విన్నావా మామయ్యా! బొంగురుగా కూసిందట! అద్దాలు అదిరాయట! చెవులు మూసుకున్నారట! నీకు చెముడా అంటున్నాడు ఈయన!"

మేస్త్రి ఆమె పెదవుల వైపే చూశాడు. తర్వాత ఆమె చేతిలోని బిళ్ళ వైపు, చెవుల దగ్గర ఇంకా ఆడుతున్న చేతుల వైపు చూశాడు. ఆయన మొహంలో రంగు దిగిపోవడం ఆమె చూసింది. కింది పెదవి విరగలేదు, వణికింది. అంతలోనే సర్దుకుని విరిగింది.

"చెముడా?" అన్నాడు కీబోర్డాయన్ని కింద నుంచి పైకి చూస్తూ. "మీరు వారం వారం వాయిస్తుంటే వినీ వినీ గట్టిపడ్డ చెవులయ్యా ఇవి, ఈ కూత ఓ లెక్కా? ఆ కుర్రాడి సంగతి చూడు. మైకు సెట్టు కొన్నాడు గానీ దానికి తగ్గ బుర్ర కొనలేదు."

అందరూ ఘొల్లుమన్నారు. మైకు సెట్టు అతను కూడా నవ్వాడు, పాపం. మంచిమాటతో కాని పని వెటకారంతో ఎంత తేలిగ్గా అవుతుందో! చెముడు అన్న మాట ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

"సరే, నవ్వులాటలకి టైం లేదు" అన్నాడు కీబోర్డాయన. "వెళ్ళి కంత కొట్టించుకు రా అమ్మాయ్."

"ఇది పీకితే ఊడొచ్చేది. ఇంకోచోట పెట్టొచ్చు" అందామె.

మామయ్య అప్పటికే మైనం అరచేతిలో వేసి వెచ్చజేస్తున్నాడు. ఉండ ఆమె చేతిలో పెట్టి, ఆమె పెదవుల మీద చూపు నిలిపి, ఎవరికీ వినబడకుండా, "ఎక్కడ?" అన్నాడు. ఆయన ఇన్నేళ్ళలో ఆమెకి చెప్పడమే తప్ప అడగడం అదే మొదలు.

ఆమె బ్రిడ్జి పక్కన లావు తీగల వైపు అంటించి మీటింది. "రేకుడబ్బాలా ఉంది మామయ్యా."

"ఇటు జరుపు."

"ఇప్పుడు రేకు మోత తగ్గింది. కానీ పీలగా ఉంది."

"వెంట్రుకవాసి వెనక్కి."

మీటింది. హాలు చివర దాకా వెళ్ళి, గోడని తాకి, మర్యాదగా తిరిగొచ్చింది. "గొంతు వచ్చింది" అందామె.

"వచ్చి ఏం లాభం? వాయించేది నువ్వేగా" అన్నాడు.

ఆమె వాయించింది. కీబోర్డాయన నారింజ గింజ ఉమ్మినట్టు "పర్లేదు" అని ఉమ్మాడు. వార్షికోత్సవంలో ఆమె చప్పట్లు కొట్టే వరసలో నుంచోలేదు. మేస్త్రి చివరి వరసలో చేతులు కట్టుకుని కూర్చుని, తనకి వినబడని కచేరీని ఎంతో చీదరించుకుంటూ చూశాడు. చుట్టుపక్కల వాళ్ళకి భయం వేసింది.

అత్తయ్యని మాత్రం ఆమె ఆ ఆదివారం సాయంత్రమే నిలదీసింది. అత్తయ్య మడమకి గుడ్డ చుట్టుకుంటూ తల ఎత్తకుండా చెప్పింది.

"ఇవాళ నిన్న వచ్చింది కాదే. చెవులు మెల్లగా మూసుకుపోయాయి. మొదట కనిపెట్టింది మీ అమ్మ. కొట్లో కూర్చుని ప్రతి మాటా తిప్పి చెప్పేది. తను పోయాక ఆ స్టూలు నాకు వచ్చింది. చెవిలో పెట్టుకునే మిషను తెచ్చుకుందామంటే మీద పడి కరిచాడు. మైకులతో బతికే జాతిలో నన్ను కలుపుతావా అన్నాడు. ఇప్పుడు చూడు, తను పెట్టుకోడు గానీ గిటారుకి చేసిచ్చాడు."

"నేను బాగా వాయిస్తున్నానో, చెత్తగా వాయిస్తున్నానో కూడా తెలీదన్నమాట."

"పుల్ల కరిస్తే చెక్క ఊపు పళ్ళలోంచి లోపలికి పోతుంది, ఆయన వినికిడల్లా అదే. బల్ల మీద పడుకున్నదాని మీదికైతే వంగుతాడు. నీ ఒళ్ళో ఉన్నదాని మీదికి పుల్ల పట్టుకుని వంగితే గుట్టు బయటపడదూ?"

మర్నాడు పనికి వెళ్ళే ముందు ఆమె కొట్లోకి వెళ్ళి, గిటారు ఒళ్ళో పెట్టుకుని, మామయ్యకి ఎదురుగా, అత్తయ్య స్టూలు మీద కూర్చుంది. ఏమీ అడగలేదు. గ్లాసులోంచి పుల్ల తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని చూశాడు, ఆమెని చూశాడు. గుమ్మం వైపు చూశాడు, ఎవరూ లేరు. "పనీ పాటా లేదా నీకు?" అని గొణుక్కుంటూ పుల్ల కరిచిపట్టి, ముందుకి వంగి, రెండో కొస పలక మీద ఆనించాడు. ఆయన తల ఆమె మోచేతికి తగిలేంత దగ్గరగా వచ్చింది. జిగురు వాసన, నెరిసిన జుట్టులో రంపపు పొట్టు.

తల్లి పాట మొదటి నుంచి చివరి దాకా వాయించింది. వీపు తిరగలేదు. చిత్రిక మోగలేదు.

అయ్యాక ఆయన పుల్ల నోట్లోంచి తీసి, తుడిచి, గ్లాసులో పెట్టాడు.

"మూడో తీగ దిగిపోయి ఉంది, ఆమాత్రం తెలీదా? రెండో చరణం దగ్గర బొటనవేలు ఎవరో తరుముతున్నట్టు పరిగెడుతోంది. ఆఖర్న ఆ సాగదీత ఒకటి, దేనికి, చప్పట్ల కోసమా? మీ అమ్మ అక్కడ ఆపేసేది."

"విన్నావటే? మూడో తీగ దిగిందట!" అంది అత్తయ్య లోపల్నుంచి, అలవాటు కొద్దీ.

ఆమె తీగ బిగించే బిరడా కొంచెం తిప్పి మీటింది. నిజమే, దిగి ఉంది. ఇన్నేళ్ళుగా ఊరందరికీ పంచిన తిట్లలో తనకంటూ ఒకటి వచ్చింది, అది అక్షరాలా నిజమైన తిట్టు. ఆ రోజు కార్ఖానాలో కాలర్లు వంకరగా కుట్టి ఇంకోసారి తిట్లు తింది. అవి ఒంటికి తగల్లేదు.

ఆ తర్వాత ఆ పుల్ల పోటు ఆమె ప్రతి వారం తింది, ఆయన మంచాన పడేదాకా. ఒక్కసారైనా బాగుందన్న పాపాన పోలేదు. మంచంలో ఉన్నప్పుడు కూడా పుల్ల అందించమని సైగ చేసి, విని, "మూడోది" అనేవాడు.

సంతాప సభలో కీబోర్డాయన మేస్త్రి చెవిని ఆకాశానికెత్తి కిందికి దింపాక, మేనకోడల్ని ఒక పాట వాయించమన్నారు. మైకు సెట్టు అతను పరిగెత్తుకొచ్చి తీగ అందించాడు. ఆమె వద్దంది. బిళ్ళ, క్లిప్పు, మైనం ఉండ మూడూ గిటారు పెట్టెలో పుల్ల పక్కన పడుకుని ఉన్నాయి. పలక మీద అవి అంటించిన ఆనవాలు లేదు. ఆమె తల్లి పాట మొదలెట్టింది.

పాట రెండో వరస దాటి వెళ్ళినట్టు లేదు. వెనక నుంచి ఎవరో గట్టిగా "అమ్మా, వినబడ్డం లేదు!" అన్నారు.

అత్తయ్య చటుక్కున గోడ మీది ఫోటో వైపు తిరిగింది. మొగుడి మొహంలోకి సూటిగా చూస్తూ, చేతులు తిప్పుతూ, హాలంతా వినబడేలా, "విన్నారా? వినబడ్డం లేదట!" అంది.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. మేనకోడలు పాట ఆపి, మూడో తీగ బిరడా వెంట్రుకవాసి బిగించి, ఆపిన చోటి నుంచి కాకుండా మొదటి నుంచీ మళ్ళీ మొదలెట్టింది.